తంగేడు ఎర్రబడిన ఏడాది

వదినె పోయిందన్న సంగతి నాకు కటింగ్ షాపులో తెలిసింది. షాపతను నా మెడ మీద కత్తి ఆనించి, పక్క కుర్చీలో ఉన్నాయనతో అన్నాడు.

"ఎరుకైందా? మోదుగు బొమ్మలామె పోయిందంట, మొన్న ఐతారం."

"ఏ మోదుగు బొమ్మలామె?"

"గదే, మండిబజార్ వెనక సత్రంల బొమ్మల గది లేదూ? గోడ నిండ మోదుగు పూలుంటయి సూడు. ఆమె."

నేను చటుక్కున తల తిప్పాను. కత్తి కొంచెం గీరుకుంది. "జర నిమ్మళం సారూ, నీ మెడనే గది" అన్నాడతను. గీత చిన్నదే కానీ మంట ఇంటికి చేరేదాకా తగ్గలేదు. ఒక మనిషి పోయాక ఊరు ఆమెను ఒకే ఒక్క మాటతో గుర్తుపెట్టుకుంది. ఆ ఒక్క మాటా తప్పు. లెక్కలో ఇటువంటి తప్పు కంటపడితే దాన్ని దాటి పక్క అంకెకు పోవడం నాకు చేతకాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు నాకు తెలుసు. రాస్తే మండిబజార్లో ఎవరూ గుర్తుపట్టరు. భర్త బతికున్న రోజుల్లో ఆయనకు సైకిల్ షాపు ఉండేది. వచ్చినవాళ్లంతా ఆయన్ని అన్నా అనేవాళ్లు, అందువల్ల ఈమె వదినె అయింది. ఆయన పోయాడు, షాపు పోయింది, వదినె అన్న పిలుపు మాత్రం మిగిలిపోయింది. తండ్రీ వదినె అనేవాడు, అతని వెంట వచ్చిన కొడుకూ వదినె అనేవాడు. "మీ ఇంట్ల వరుసలే లేవార?" అని ఆమె ఇద్దర్నీ కలిపి తిట్టేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం సందు చివరిదాకా వినిపించేది.

బొమ్మల గది అంటే పాత సత్రంలో వెనకవైపు గది. నేను స్వయంగా కొలిచిన గది కనుక చెప్పగలను: పొడవు వెడల్పుకు రెండింతల కంటే కాస్త తక్కువ. కిటికీ ఒక్కటే. దానికి ఎదురుగా ఉన్న గోడకు పొద్దున వెలుతురు బాగా పడేది, మిగతా మూడు గోడలూ దాని దయ మీద బతికేవి. అందులో బొమ్మలు పెట్టేవాళ్లు చిత్రకారులు కారు. బట్టల మిల్లులో పనిచేసేవాళ్లు, తివాచీలు నేసేవాళ్లు, ఒకరిద్దరు బడిపంతుళ్లు, వంట ముగించుకుని వచ్చే ఆడవాళ్లు. ఏడాదికొక ప్రదర్శన. ఒక్కో ఏడు ఒక్కటే సంగతి. ఒక ఏడు హనుమకొండ గుట్టల రాళ్లు. ఒక ఏడు గరిక. ఒక ఏడు వాన పడేముందు కమ్ముకునే మబ్బు. చెట్టో రాయో మబ్బో తప్ప మనిషి బొమ్మ, దేవుడి బొమ్మ పెట్టనిచ్చేది కాదు. "వాళ్లను పెట్టుకునేటందుకు ఊర్ల మస్తు జాగలున్నయి" అనేది.

ఇంకొక కట్టడి కూడా ఉంది. కొన్న రంగు పనికిరాదు. ఆమె పుట్టిల్లు నూలుకు రంగులద్దే ఇల్లు. పసుపు, చిక్కుడాకు పసరు, ఖిలా వరంగల్ కోటగోడ కింది ఎర్రమట్టి, దీపం మసి, అవి నిలవడానికి తుమ్మ జిగురు. ఇంతే. ఎవరైనా బొమ్మ తెస్తే ఆమె ముందు చూసేది కాదు, వాసన చూసేది. ముక్కు కాగితానికి ఆనించి గట్టిగా పీల్చి, "డబ్బా రంగు" అని తిరిగి ఇచ్చేసేది. ఒకసారి ఒక పంతులు వాదించాడు.

"వదినె, ఆకుపచ్చ రంగు ఎక్కడ కొన్నా ఆకుపచ్చనే గద?"

"మరి నీ ఇంట్ల పప్పుల ఆకుకూరకు బదులు గీ డబ్బా ఒంపుకో పంతులూ. అది గూడ ఆకుపచ్చనే."

బొమ్మలను ఆమె తన కంటి ఎత్తుకే పెట్టించేది. ఆ ఎత్తు మామూలు మగవాడి ఛాతీ దగ్గరికి వస్తుంది. పొడుగువాళ్లు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వంగి చూడవలసి వచ్చేది. కింద చిన్న కాగితం ముక్క మీద ఆ చెట్టు ఎక్కడ ఉన్నదో రాసేది. చెట్టు పేరు రాసేది కాదు. "పేరు సూసినోడు చెప్పాలె" అనేది. బాగుంది అన్నవాడిని వదిలేది కాదు, "ఏం బాగుంది?" అని ఎదురు నిలబడేది. జవాబు లేక పారిపోయిన పెద్దమనుషులను నేను చూశాను. బొమ్మలు వేసేవాళ్లకు ఎప్పుడూ చెప్పే మాట ఒకటే: "సూసింది ఎయ్యుండ్రి. అనుకున్నది ఎయ్యకుండ్రి." ఆలోచనలో పడితే ఎడమచేతి బొటనవేలి గోటితో గోడను గీకుతూ ఉండేది. ఆ గది గోడల మీద ఆమె నిలబడే చోట్లన్నీ గీతలే.

నాకు ఆమెతో పరిచయం అయింది బొమ్మల వల్ల కాదు. నేను స్టేషన్ రోడ్డు వెనక కలప అడితిలో కొలతలు చూసేవాణ్ని. లెక్క నాకు బడి నేర్పలేదు, దుంగలు నేర్పాయి. ఏటూరునాగారం అడవి నుంచి లారీలో వచ్చిన దుంగకు చుట్టూ తాడు పట్టి, ఆ కొలతలో నాలుగోవంతును దానితోనే హెచ్చవేసి, తర్వాత పొడవుతో హెచ్చవేస్తే ఘనపుటడుగులు వస్తాయి. కాగితం లేకుండా చెప్పేవాణ్ని. అడితిలో నాకు దాని వల్ల కొంత మర్యాద ఉండేది. ఒక రోజు ఈమె వచ్చి దుంగల మధ్య తిరుగుతూ నన్ను పిలిచింది.

"తమ్మీ, గిదేం చెట్టు?"

"నల్లమద్ది వదినె."

"నిలబడ్డప్పుడు ఎంతెత్తు ఉండె?"

మొదలు లావుకూ కొస లావుకూ ఉన్న తేడా చూసి, అక్కడ నుంచి ఎంత దూరంలో సన్నబడిపోతుందో అంచనా కట్టి చెప్పాను. ఆమె తల ఎత్తి, అంత ఎత్తున గాలిలోకి చూసింది.

"దీని నీడ ఎంత?"

"నీడనా?"

"అవు. పగటీలి ఎంతమంది కూసుంటుండె దీని కింద?"

"అది లెక్కల రాదు వదినె."

"మరి గింతసేపు ఏం కొలిచినవ్?"

హమాలీలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కొమ్మలు అడవిలోనే నరికేస్తారు, దుంగకు కొమ్మలు ఉండవు, కొమ్మలు లేకుండా నీడ లెక్క రాదు. మరునాడు బొమ్మల గదికి పోయి ఇదే చెప్పాను. "గంత దూరం ఆలోచించినవా?" అని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "రా, నీ లెక్క ఈడ పనికొస్తది. గోడ మీద బొమ్మకూ బొమ్మకూ ఎంతెంత ఎడం ఉండాల్నో చెప్పు." అప్పటి నుంచి అదే నా పని. తాడు పట్టుకుని గోడలు కొలిచేవాణ్ని, గోడ మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాణ్ని.

ఆ గదికి వచ్చేవాళ్లలో సమ్మయ్య అని ఒకాయన ఉండేవాడు. మిల్లులో మగ్గం మీద పనిచేసి, దగ్గు ముదిరితే మానేశాడు. ఒక కన్ను బాగానే ఉండేది, రెండోది మసక. నమిలిన వేపపుల్లతో బొమ్మ వేసేవాడు. ఏ ఏడు ఏ సంగతి పెట్టినా ఆయన తంగేడే వేసేవాడు. రాళ్ల ఏడు రాయి పక్కన తంగేడు. గరిక ఏడు గరిక నడుమ తంగేడు. మబ్బు ఏడు అందరూ ఆయన్ని నిలదీశారు.

"సమ్మన్నా, ఈసారి మబ్బు ఎయ్యాలె గదనే? మల్ల తంగేడేనా?"

"ఏసిన గద మబ్బు. గదో, పైన."

"కింద తంగేడెందుకు?"

"మబ్బు కింద ఏముంటదిర? తంగేడుంటది."

ఉర్సు గుట్ట దారిలో, కాలువ గట్టు మీద ఒక తంగేడు పొద ఉండేది. ఆయన భార్య బతికినన్నాళ్లు బతుకమ్మకు పువ్వు అక్కడే తెంపేది. ఆయన వేసే తంగేడు ప్రతిసారీ ఆ ఒక్క పొదే. ఈ సంగతి ఆయన ఒక్కసారే చెప్పాడు, అదీ దగ్గు మధ్యలో. మరుసటి ప్రదర్శనకు వదినె అందరినీ కూర్చోబెట్టి, "ఈ ఏడు తంగేడు" అంది. సమ్మయ్య వైపు తిరిగి, "ఇగ నిన్ను తప్పు పట్టేటోడు లేడు సమ్మన్నా" అంది. ఆయన సిగ్గుపడి బీడీ కోసం జేబులు వెతుక్కున్నాడు.

ఆ ఏడే గదికి గండం వచ్చింది. సత్రం ఒక శేటు తండ్రి ధర్మానికి కట్టించినది. మన చుట్టుపక్కల పల్లెల్లో పత్తి పెరుగుతున్న రోజులు అవి. పత్తితోపాటు పురుగుమందులూ వచ్చాయి. మందుల వ్యాపారి ఒకాయన గోదాం కోసం ఆ గది అడిగాడు. శేటు చెడ్డవాడు కాదు. తానే వచ్చి గడపలో నిలబడి, వదినెతో ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వదినమ్మా, అండ్ల మీరు ఏం జేస్తాన్రో నాకు తెల్వది. నేనెన్నడు సూడలే. పదిహేను దినాలకు ఒకపాలి వచ్చి సూస్త. నా మనసుకు పట్టిందనుకో, నేనున్నన్ని దినాలు గది మీదే. పట్టకపోతె గోదాంకిస్త. మల్ల నన్ను అనొద్దు."

"రా శేట్. సూసి పో" అంది ఆమె. అతను పోయాక గోడ దగ్గరికి పోయి గోటితో గీకడం మొదలుపెట్టింది. చాలాసేపు గీకింది.

ఆ గది తప్ప ఆమెకు ఇంకొకటి లేదు. పిల్లలు లేరు. ఉండేది అద్దె కొట్టంలో. గది పోతే ఎట్లా అన్న మాట ఆమె నోట నేను వినలేదు, కానీ ఆ పక్షం రోజుల్లో ఆమె తిన్నది తక్కువ. బొమ్మలు బాగా వచ్చాయి. గోడలే బాగా లేవు. భాద్రపద వానలకు నెమ్ము ఎక్కి మచ్చలు పడ్డాయి. "గిసొంటి గోడకు ఎట్ల పెడుతం? శేట్ మొదలు గోడనే సూస్తడు" అని సున్నం తెప్పించింది. పెద్దమనిషి ఇంటికి వస్తున్నాడంటే సున్నం కొట్టకుండా ఎవరుంటారు? తానే నానబెట్టింది, తానే కొట్టింది. రెండు పూతలు కొట్టింది. వాన తెరిపి ఇవ్వలేదు, గోడలు సరిగ్గా ఆరలేదు. శేటు పొద్దున వస్తాడనగా ముందు రోజు సాయంత్రం బొమ్మలు అంటించాం. నాలుగు మూలలా మైదా జిగురు రాసి, కాగితం వీపు గోడకు ఆనించి ఒత్తడం మా పద్ధతి. నేను సుద్దతో గుర్తులు పెట్టాను, ఆమె ఒత్తింది.

అంతా అయ్యాక వెనక్కి నిలబడి చూశాం. గది నిండా పచ్చటి పసుపు. బయట వాన పడుతున్నా లోపల ఎండ కాస్తున్నట్టు ఉంది. సమ్మయ్య బొమ్మ కిటికీ ఎదుటి గోడ మీద, నడుమ. ఆయన దాని ముందు వంగి, బాగున్న కన్నుతో కిందినుంచి పైదాకా చూశాడు. తలుపు వేసేముందు వదినె గదికి దిష్టి తీసింది. ప్రతి ప్రదర్శనకూ తీసేది. పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, సున్నం కలిపింది. మా అందరి కళ్లముందే ఆ నీళ్లు ఎర్రబడ్డాయి. వాటిని గది నాలుగు మూలలకూ తిప్పి సందులో పారబోసింది. రంగుల ఇంట్లో పుట్టిన ఆమెకు తట్టలేదు. లెక్కలు కట్టే నాకు తట్టలేదు. అక్కడున్న ఆడవాళ్లు ఇళ్లలో ఎన్నిసార్లు ఎర్రనీళ్లు కలిపారో, వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున తాళం తీసి ఆమె ముందు లోపలికి పోయింది. నేను కిటికీ తెరిచాను. పచ్చి సున్నం వాసన. గోడల మీద ఒక్క పసుపు పువ్వు లేదు. అన్నీ ఎర్రబడ్డాయి. కొన్ని కుంకుమ రంగు, కొన్ని ఇటుక రంగు. పసుపు మందంగా వేసినచోట దాదాపు నలుపు. నెమ్ము కాగితం వీపు నుంచి పువ్వుల్లోకి ఎక్కింది. ఆమె సమ్మయ్య బొమ్మ దగ్గరికి పోయి వాసన చూసింది. తర్వాత తన గోళ్లు చూసుకుంది. రాత్రి కలిపిన దిష్టినీళ్ల ఎరుపు గోళ్ల సందుల్లో ఇంకా ఉంది.

"సున్నం" అంది. అంతే.

"నిమ్మకాయ పిండితె మల్ల పసుపైతది వదినె."

"ఎన్ని బొమ్మలకు పిండుతవ్? పసరు కారిపోతది. ఆకు మిగలదు." ఆమె చెప్తుండగానే సందు మొదట్లో రిక్షా గంట వినిపించింది. శేటు చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు.

అతను చెప్పులు బయట విప్పి, లోపలికి వచ్చి, ఏ బొమ్మనూ దగ్గరగా చూడకుండా గది నడుమ నిలబడ్డాడు. ఒకసారి చుట్టూ తిరిగాడు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మోదుగు" అన్నాడు.

వదినె నోరు తెరిచింది. "శేట్, గివి..."

"మా అమ్మ మోదుగాకుతోని ఇస్తార్లు కుట్టేది వదినమ్మా. మాకు అప్పుడేం లేకుండె, బాపు సంపాయించింది తర్వాత. ఆకు కోసం అడివికి పోతె నేను వెంట పోయేటోన్ని. పూసే దినాలల్ల అడివంత గిట్లనే ఉంటుండె. అగ్గి పెట్టినట్టు." అతను మళ్లీ కళ్లద్దాలు తీశాడు. "అమ్మ పోయినంక నేను అటు దిక్కు పోలే. గిన్నేండ్లకు మీ గదిల సూసిన."

వదినె చేయి గోడ మీదికి పోయింది.

"గది మీదే. నేను మాటిస్తాన్న. ఆ మందులాయనకు ఈ దినమే చెప్త, ఇంకోటి సూసుకోమని."

సరిగ్గా అప్పుడు సమ్మయ్య వచ్చాడు. మిగతావాళ్లను సాయంత్రం రమ్మన్నాం. ఆయన ఆగలేకపోయాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. తన బొమ్మ ఉండాల్సిన చోటికి నేరుగా పోయి, వంగి చూశాడు.

"వదినె, గిదేంది? నా తంగేడు ఏమైంది?"

శేటు నవ్వాడు. "తంగేడు కాదు పెద్దమనిషీ, మోదుగు."

"మోదుగుకు గింత సన్నాకు ఉంటదా శేట్? ఇస్తారాకు గిట్లుంటదా? గిది తంగేడు. కాలువ గట్టు మీదిది. నేనే ఏసిన."

శేటు ముఖంలో నవ్వు ఆగింది. అతను బొమ్మ వైపు ఒక అడుగు వేశాడు, మళ్లీ ఆగి వదినె వైపు చూశాడు. సమ్మయ్య కూడా ఆమె వైపే చూశాడు. సమ్మయ్యకు అనుమానం లేదు. ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఆమె అని ఆయనకు తెలుసు, ఇప్పుడూ చెప్తుందని నిలబడ్డాడు.

ఆమె గోడను గీకుతోంది. కొత్త సున్నం పొడిపొడిగా రాలుతోంది.

"ఆయనకు కండ్లు సరిగ కనపడయి శేట్" అంది. "మోదుగే."

"అయ్యో పాపం" అని శేటు సమ్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు. నిజంగానే జాలిపడ్డాడు. "కండ్ల దవాఖానకు పోరాదు? నేను చీటి రాసిస్త, డాక్టర్ నాకెరుకే."

సమ్మయ్య బాగున్న కన్నుతో వదినెను చూశాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను, ఆ సమయంలో నేను నేల చూస్తున్నాను. తర్వాత చెప్పులు వేసుకుని పోయాడు.

ఆ గది ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. శేటు ఆడిన మాట తప్పలేదు. కిటికీ ఎదుటి గోడ బొమ్మలు తీయొద్దన్నాడు, కింద బోర్డు రాయించాడు, "మోదుగు పూలు" అని. ఆ గదిలో చెట్టు పేరు రాసి పెట్టడం అదే మొదలు. చుట్టాలను తెచ్చి చూపించేవాడు. బొమ్మలు వేసిన మిగతావాళ్లందరికీ నిజం తెలుసు. గది మిగిలింది కదా అని ఎవరూ నోరు విప్పలేదు. ప్రదర్శనలు మిగతా మూడు గోడల మీద సాగాయి. వదినె వాసన చూడడం మానేసింది. డబ్బా రంగులు వచ్చాయి. ఏ ఎత్తున పెట్టమంటావు అని అడిగితే, "నీ ఇష్టం తమ్మీ" అనేది. మూడు ఏళ్లకో నాలుగేళ్లకో చూస్తే బొమ్మలన్నీ మగవాళ్ల కంటి ఎత్తుకు ఎక్కి ఉన్నాయి. బాగుంది అని ఎవరైనా అంటే "ఆఁ" అనేది. చూసింది వేయండి అన్న మాట నేను మళ్లీ వినలేదు.

ఇదంతా తర్వాతి సంగతి. మనసులోంచి పోనిది మాత్రం ఆ ఏటి బతుకమ్మ నాటిది. శేటు వచ్చి పోయి ఎక్కువ రోజులు కాలేదు. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు పొద్దున, వదినె నన్ను గదికి రమ్మని కబురు పంపింది. పోయేసరికి సమ్మయ్య బొమ్మ గోడ మీద లేదు. నేల మీద పరిచి ఉంది. పక్కన నిమ్మచెక్కలు. చీపురుపుల్లకు దూది చుట్టి, రసంలో ముంచి, పువ్వు పువ్వుకు అద్దుతోంది. ఆకుకు తగలకుండా ఊపిరి బిగబట్టి అద్దుతోంది. తగిలినచోటల్లా ఎరుపు విరిగి పసుపు వస్తోంది. మునుపటి పసుపు కాదు, కొంచెం పాలిపోయింది. తంగేడే కానీ రెండు మూడు రోజులు వాడినట్టు ఉంది.

ఆరాక చుట్టి చంకన పెట్టుకుంది. ఇద్దరం మిల్లు వెనక కార్మికుల ఇళ్ల లైన్లకు నడిచాం. దారి పొడుగునా ఆడవాళ్లు పువ్వు గంపలతో ఎదురయ్యారు. సమ్మయ్య ఇంటి ముందు మంచంలో కూర్చుని ఉన్నాడు. దగ్గు ఎక్కువైంది.

"సమ్మన్నా" అంది.

"రా వదినె. కూసో."

ఆమె కూర్చోలేదు. బొమ్మ విప్పి రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు నిలబడింది. ఆ ఇంటి ముందు ఎండ బాగా ఉంది. పువ్వులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

"నీదే. నిమ్మరసం పెట్టి తీసిన. తీస్కో."

ఆయన చూశాడు. కాలువ గట్టు, పొద, పొద కింద తొక్కిన గడ్డి, అన్నీ చూశాడని నేను అనుకుంటున్నాను. తర్వాత సందులోకి చూపు తిప్పాడు.

"ఎవరేసిన్రో గని మంచిగేసిన్రు" అన్నాడు. "నాకు కండ్లు కనపడయి గద వదినె."

"సమ్మన్నా, గది పోతదని..."

"అవు. గది ఉండాలె." ఆయన దగ్గు ఆపుకుని, మర్యాదగానే అన్నాడు. "చాయ్ తాగుతరా? కోడల్ని పెట్టుమంట."

చాయ్ తాగాం. పండుగ పూట వచ్చినవాళ్లు తాగకుండా పోతే బాగుండదని తాగాం. ఆయన వానల గురించి మాట్లాడాడు. వచ్చేటప్పుడు సందు దాకా లేచి వచ్చాడు. బొమ్మ మాత్రం ముట్టుకోలేదు.

తిరిగి గదికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె బొమ్మను దాని చోట గోడకు ఆనించి చూసింది. చుట్టూ అన్నీ ఎరుపు, నడుమ ఒక్కటి పసుపు.

"ఉండనీ వదినె" అన్నాను.

"శేట్ బిడ్డనూ అల్లున్నీ తీస్కొని వస్తాండు ఈ దినం. ఇదేంది అంటె?"

ఆమె కొంగుముడి విప్పి తమలపాకుల్లో వేసుకునే సున్నం డబ్బీ తీసింది. కొంచెం అరచేతిలో వేసుకుని, నాలుగు చుక్కల నీళ్లతో పలచన చేసింది. ఇంకొక చీపురుపుల్లకు దూది చుట్టింది. పొద్దున నిమ్మరసం అద్దినంత జాగ్రత్తగానే, ఆకుకు తగలకుండా, పువ్వు పువ్వుకు అద్దింది. పువ్వులు కింది కొమ్మ నుంచి పై కొమ్మ దాకా వరుసగా ఎర్రబడ్డాయి. చివరి పువ్వు దగ్గర మాత్రం కొంచెం ఆగింది. తర్వాత దానికీ అద్దింది.

నాలుగు మూలలా జిగురు రాసి గోడకు ఒత్తాను. నా సుద్ద గుర్తులు ఇంకా ఉన్నాయి, కొలవవలసిన పని లేకపోయింది. ఆమె బొక్కెనలో చేతులు కడుక్కుంది.

"ఆరిందా తమ్మీ?"

ముట్టుకుని చూశాను. "ఆరింది."

"అయితె తలుపు తెరువు. వచ్చే యాళ్లైంది."